పెయింట్ వేసిన బాత్రూమ్ గోడ మీద 20 మిల్లీమీటర్ల గ్రానైట్ నిలుస్తుందా?

మీ మేస్త్రి “పెయింట్ మీద గాట్లు పెట్టి సిమెంట్‌తో అతికించేద్దాం, ఏమీ కాదు” అంటున్నారని, సరేననాలా వద్దా అని అడిగారు. అనకండి. నేను ఒకసారి సరేనని చేయించుకున్నాను, రెండోసారి కాదని చేయించుకున్నాను. ఆ తేడా చెప్తాను.

మొదటిసారి పని అయిన ఎనిమిది నెలలకు, ఓ రాత్రి బాత్రూమ్‌లో పెద్ద చప్పుడు. వెళ్ళి చూస్తే షవర్ కుళాయి పక్క రాయి రెండు ముక్కలై నేల మీద ఉంది. పగలైతే ఎవరి కాలి మీద పడేదో. ముక్క తిరగేసి చూశాను. వెనక సిమెంట్ రాయిని గట్టిగానే పట్టుకుని ఉంది. ఆ సిమెంట్‌కి అంటుకుని లేత నీలం పెయింట్ పొర, దాని మీద తెల్లటి పుట్టీ. వేలితో రుద్దితే పుట్టీ పిండిలా రాలింది. గోడ వైపు గాట్లు పెట్టిన చోట మాత్రం నాలుగైదు సిమెంట్ బొట్లు మిగిలాయి. అంటే రాయి గోడను పట్టుకోనే లేదు, పుట్టీకి వేలాడింది. ఆవిరికి, తడికి పుట్టీ మెత్తబడింది, రాయి కిందికి వచ్చింది.

బరువు లెక్క మీరే వేసి చూడండి. గ్రానైట్ ఘనపు మీటరుకు సుమారు 2,700 కిలోలు. 20 మిల్లీమీటర్ల మందమంటే చదరపు మీటరుకు 54 కిలోలు, అతికించే గమ్ (సంచుల్లో వచ్చే టైల్ అడెసివ్) బరువు దానికి అదనం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉన్న రాయి ఒక్కటే పది కిలోలు తూగుతుంది. 10 మిల్లీమీటర్ల రాయి దొరికితే బరువు సగానికి పడిపోతుంది. నా మాట వింటే గోడకు అదే తీసుకోండి, మందం ఎవరికీ కనపడదు.

ముందు గోడ మీద ఉన్నది సిమెంట్ ప్లాస్టరా, జిప్సమ్ ప్లాస్టరా తేల్చుకోండి. గోరుతో గీస్తే తెల్లగా, మెత్తగా రాలితే జిప్సమ్ అనుకోవచ్చు. జిప్సమ్ ప్లాస్టర్ మీద చదరపు మీటరుకు 20 కిలోలు దాటకూడదన్నది ఈ పనిలో మామూలుగా పాటించే హద్దు. అందులోనే గమ్, రాళ్ళ సందుల్లో నింపే గ్రౌట్ బరువు కూడా. మీ రాయి ఎలా చూసినా దాటుతుంది. పైగా తడి తగిలే చోట జిప్సమ్ అసలే పనికిరాదు. ఇటుక కనిపించేదాకా చెక్కించెయ్యడమే.

సిమెంట్ ప్లాస్టరే అయితే పెయింట్, పుట్టీ మొత్తం గీకించండి. గాట్లు చాలవు. తర్వాత సుత్తి పిడితో గోడంతా తట్టుకుంటూ పోండి. గుల్లగా మోగిన చోట చాక్‌పీస్‌తో గుండ్రం గీసి, అంతమేరా తీయించండి. మా షవర్ గోడలో మూడో వంతు గుల్లే. రెండోసారి అంతా ఊడగొట్టించి ఒక పాలు సిమెంట్‌కి నాలుగు పాళ్ళ ఇసుకతో కొత్తగా ప్లాస్టర్ చేయించాను, పైపుల గాడుల మీద చికెన్ మెష్ (సన్న ఇనుప తీగల వల) కొట్టించి. మేస్త్రి అలవాటుగా సిమెంట్ పాలు పూసి నున్నగా తీర్చబోతే ఆపాను. గరుకుగా ఉంటేనే గమ్‌కి పట్టు. వారం రోజులు నీళ్ళు కొట్టి, మరో మూడు వారాలు ఆరనిచ్చాం. ఇంట్లో అందరూ విసుక్కున్నారు, నిజమే.

ఆరాక రెండు మీటర్ల అల్యూమినియం పట్టీ గోడకు ఆనించి చూడండి. సందు 3 మిల్లీమీటర్లు మించితే ఇప్పుడే సరిచేయించాలి. రాయి అతికించేటప్పుడు గమ్ మందంగా వేసి సర్దుదాం అంటారు, అలా వేస్తే రాయి జారుతుంది.

వాటర్‌ప్రూఫింగ్ కూడా ఓ పొరేనని మర్చిపోకండి, రాయి ఇక దానికే వేలాడుతుంది. తారు లాంటి నల్ల పూత వద్దు. సిమెంట్‌లో పాలిమర్ కలిసిన రకం రెండు కోట్లు, మొదటిది అడ్డంగా, రెండోది నిలువుగా. మూలల్లో ఫైబర్ మెష్ పట్టీ.

గమ్ సంచీ మీద సీ2 (C2) అని, పక్కన టీ (T) అక్షరం ఉందేమో చూడండి. సీ2 అంటే పట్టు ఎక్కువ రకం, టీ అంటే నిలువు గోడ మీద జారనిది. పాలరాయి లాంటి లేత రంగు రాయికి తెల్ల గమ్ వాడాలి, లేకపోతే బూడిదరంగు పైకి కనిపిస్తుంది. రాయి వెనక కోత దుమ్ము కడిగి ఆరబెట్టండి. రాయి వెనక బలానికి వల లాంటి జాలీ అతికించి ఉంటే దాన్ని పట్టే గమ్ వేరు, ఎక్కువగా ఎపాక్సీ, షాపులో అడిగి తీసుకోండి. గోడకు పళ్ళ కర్నీతో, రాయి వెనక పలచగా, రెండు వైపులా పూయించండి. నాలుగు మూలలా నాలుగు ముద్దలు పెట్టి అద్దే పద్ధతి వద్దే వద్దు. మొదటి రెండు రాళ్ళు పెట్టగానే ఒకటి పీకించి చూశాను, వెనక అరచేయంత ఖాళీ ఉంది. మేస్త్రి నొచ్చుకున్నాడు గానీ ఆ తర్వాత నిండుగా పూశాడు.

నేల దగ్గర వరుస వదిలేసి, రెండో వరుస కింద మట్టం చూసి ఓ చెక్క పట్టీ స్క్రూలతో బిగించి, దాని మీద నుంచి పైకి కట్టుకుంటూ పోవాలి. స్క్రూలు పోయిన రంధ్రాలకు తర్వాత వాటర్‌ప్రూఫ్ పూత మళ్ళీ పెట్టించండి. రోజుకు రెండు మూడు వరుసలు దాటనివ్వకండి. చెక్క పట్టీ మర్నాటిదాకా తీయకూడదు. కింది వరుస అన్నిటికంటే చివర.