ఒకే ఘటనకు రెండు తేదీలా?

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధం చదువుతున్నాను. హవాయిలోని అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్‌పై జపాన్ దాడి ఒకచోట డిసెంబరు 7 అని, మరోచోట 8 అని ఉంది. నష్టాల లెక్కలూ పొసగడం లేదు. ఏది నమ్మాలి?

జవాబు: తేదీలు రెండూ సరైనవేనండీ. 1941లో హవాయి, ప్రపంచానికి ప్రామాణికమైన గ్రీన్‌విచ్ సమయం కంటే పదిన్నర గంటలు వెనక, టోక్యో తొమ్మిది గంటలు ముందు. హవాయిలో 7వ తేదీ ఉదయం 7.55 అంటే టోక్యోలో 8వ తేదీ తెల్లవారుజామున 3.25. జపాన్ నౌకాదళం ఎక్కడున్నా టోక్యో సమయమే రాసుకునేది. మలయా (నేటి మలేసియాలో భాగం)లోని కోట భారు దగ్గర జపాన్ సేనలు దిగింది స్థానిక తేదీ ప్రకారం 8నే. అయినా అది పెర్ల్ హార్బర్ కంటే గంటకు పైగా ముందు! తేదీలను మాత్రమే వరుసపెడితే క్రమం తారుమారవుతుంది. అందుకే నోట్సులో స్థానిక సమయం పక్కనే గ్రీన్‌విచ్ సమయమూ వేసుకోండి. జర్మనీ లొంగుబాటుకు మే 8, 9 అని రెండు తేదీలుండటానికీ కారణం ఇదే: లొంగుబాటు అమల్లోకి వచ్చింది మధ్య ఐరోపా సమయం ప్రకారం 8 రాత్రి 11.01కి, అప్పటికే మాస్కోలో 9వ తేదీ వచ్చేసింది.

నష్టాల సంగతికొస్తే, సైనిక నివేదికల్లోని మొత్తంలో మృతులతోపాటు గాయపడినవారు, గల్లంతైనవారు, బందీలు కూడా ఉంటారు. దాన్ని ఎదుటి పక్షం మృతుల సంఖ్యతో పోల్చడమే అసలు తప్పు. ట్యాంకులైతే మరీ చిక్కు. మరమ్మతుకు వెళ్లినవి కలిపారో లేదో ముందు చూడాలి.