ఉక్కులో చెదిరే పరమాణువులు: ఆ పరిశోధనలో ఐదేళ్లు పనిచేసిన అనుభవం

కాకినాడలో మెకానికల్ ఇంజినీరింగ్ చదివిన మీ తమ్ముడికి, రేడియేషన్ వల్ల లోహాలు దెబ్బతినడంపై పనిచేసే న్యూక్లియర్ ఇంజినీరింగ్ ప్రొఫెసర్ దగ్గర పీహెచ్‌డీ అవకాశం వచ్చిందనీ, ఆ పని ఏమిటో, ఆరోగ్యానికి ముప్పు ఉందేమో తెలియక ఇంట్లో వెనుకాడుతున్నారనీ రాశారు. అమలాపురం దగ్గరి పల్లెలో పెరిగి అటువంటి ప్రొఫెసర్ దగ్గరే ఐదేళ్లు పనిచేశాను కనుక చెబుతున్నాను.

మొదటి ఏడాది సెలవులకు వచ్చినప్పుడు మా నాన్నగారు ఇదే అడిగితే, అప్పుడే ఊడ్పులైన మా చేను చూపించాను. వరుసగా ఊడ్చిన చేలోకి గేదె దిగి పరుగెడితే మొక్క లేచిన చోట ఖాళీ మిగులుతుంది, లేచిన మొక్క రెండు వరుసల మధ్య ఇరుక్కుంటుంది. ఉక్కులో పరమాణువులకు, రియాక్టర్‌లో పుట్టే న్యూట్రాన్ అనే కణం చేసేదీ అదే. ఇనుములో ఒక పరమాణువును స్థానం తప్పించడానికి సుమారు 40 ఎలక్ట్రాన్ వోల్టులు (పరమాణువుల స్థాయిలో శక్తిని కొలిచే కొలమానం) చాలు. వేగంగా వచ్చే న్యూట్రాన్ ఒక్క దెబ్బలో దానికి కొన్ని వందల రెట్లు ఇవ్వగలదు. చెదిరినవాటిలో చాలా భాగం వెంటనే ఖాళీల్లో సర్దుకుంటాయి. మిగిలిన ఖాళీలు వేడికి కదిలి ఒకచోట చేరి కంటికి కనబడనంత చిన్న బోలు గుంటలవుతాయి, లోహం ఉబ్బుతుంది. ఈ ఉబ్బు సంగతి 1967లో బ్రిటన్‌లోని డౌన్‌రే రియాక్టర్ ఇంధన తొడుగుల్లో, అంటే అణు ఇంధనాన్ని కప్పి ఉంచే లోహపు గొట్టాల్లో, బయటపడింది. కల్పాక్కంలోని ప్రోటోటైప్ ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్ తొడుగులకు టైటానియం కలిపిన డీ9 ఉక్కును ఎంచుకోవడం ఈ ఉబ్బును అదుపు చేయడానికే.

అసలు కష్టం కాలంతో వస్తుంది. రియాక్టర్‌లో ఏళ్ల తరబడి జరిగే నష్టాన్ని యాక్సిలరేటర్ అనే, కణాలను వేగంగా తోసే యంత్రంలో ఇనుము అయాన్లతో (విద్యుదావేశం ఉన్న ఇనుము పరమాణువులతో) గంటల్లో, రోజుల్లో కలిగిస్తాం. అయితే ఆ నష్టం పైనున్న ఒకటి రెండు మైక్రోమీటర్ల పొరలోనే ఉంటుంది. అంత వేగంగా కొట్టినప్పుడు ఖాళీలకు కదిలే వ్యవధి చాలదు కాబట్టి ఉష్ణోగ్రతను రియాక్టర్‌లోకన్నా పెంచాలి. ఎంత పెంచాలన్న ప్రశ్న మీదే నా రెండేళ్లు గడిచాయి.

ఒకసారి అలా అయాన్లతో కొట్టిన 3 మిల్లీమీటర్ల ఉక్కు నమూనా బిళ్లను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కోసం వెనకవైపు నుంచి ఆమ్లంతో పలచన చేస్తుండగా, అయాన్లు తగిలిన ముఖానికి పూసిన లక్క అంచు దగ్గర లేచింది. ఆమ్లం లోపలికి పాకి, చూడవలసిన పొరనే తినేసింది. మూడు వారాల పని పోయింది. ప్రొఫెసర్ గారు కోప్పడలేదు, కానీ జరిగినదంతా నోటుపుస్తకంలో రాసిన తరువాతే కొత్త బిళ్ల ఇచ్చారు. ఆ అలవాటు నాకు ఇప్పటికీ ఉంది.

ఇక ముప్పు గురించి. కొన్ని మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల ఇనుము అయాన్లతో కొట్టిన ఇనుము రేడియోధార్మికం కాదు. ఆ బిళ్లను మామూలు పట్టకారుతో పట్టుకునేవాళ్లం. రియాక్టర్ నుంచి వచ్చిన ముక్కల సంగతి వేరు, వాటిని మందపాటి సీసపు గాజు వెనక నుంచి యంత్రపు చేతులతోనే ముట్టుకోవాలి. మీ తమ్ముడి నమూనాలు ఈ రెండింటిలో ఏవో, శిక్షణ ఎవరు ఇస్తారో, ఒంటికి తగిలిన రేడియేషన్‌ను కొలిచే డోసు బ్యాడ్జీ లెక్క ఎవరు చూస్తారో చేరే ముందే ప్రొఫెసర్ గారిని నేరుగా అడగమనండి.