పెరటి పిట్టలు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: పిచ్చుకల కోసం చెక్కపెట్టె కొని బాల్కనీలో కట్టి ఏడాదైంది. రోజూ నూకలు వేస్తున్నాం. వచ్చి తినిపోతున్నాయే గానీ ఒక్కటీ గూడు పెట్టలేదు. ఎందుకని?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు పెట్టె రంధ్రాన్ని కొలవండి. 32 మిల్లీమీటర్లుంటే ఊరపిచ్చుకకు చక్కగా సరిపోతుంది. 50 దాకా ఉంటే గోరింకలు దూరతాయి. రంధ్రం పెట్టె అడుగు నుంచి కనీసం 12 సెంటీమీటర్లు పైన ఉండాలి. లేకపోతే రెక్కలు రాని పిల్లలు అంచుకొచ్చి జారిపడతాయి. చాలా పెట్టెలకు రంధ్రం కింద చిన్న పుల్ల బిగించి అమ్ముతారు. పిచ్చుకకు దాంతో పనిలేదు. కాకి వచ్చి నిలబడి పిల్లల్ని లాక్కుపోవడానికే అది పనికొస్తుంది. కోసి పారేయండి.

తర్వాత చోటు. పడమటి ఎండ తగిలే గోడకు కడితే మన వేసవిలో పెట్టె లోపల పిల్లలు ఉడికిపోతాయి. రేకుపెట్టెలైతే మరీనూ. తూర్పుకో ఉత్తరానికో ముఖం పెట్టి, సన్‌షేడ్ కింద, ఎనిమిది పదడుగుల ఎత్తున, పిల్లి ఎక్కలేని చోట కదలకుండా బిగించండి. తాడుకు వేలాడే పెట్టె గాలికి ఊగుతుంటే పిచ్చుక నమ్మదు. దగ్గర్లో సీలింగ్ ఫ్యాన్ తిరగకూడదు. పిచ్చుకలు గుంపుగా బతికే పిట్టలు కాబట్టి ఒక్క పెట్టె కన్నా రెండు మూడు పక్కపక్కనే పెడితే మేలు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా రాలేదంటే అసలు లోటు పురుగులది. పెద్ద పిచ్చుక గింజలు తింటుంది గానీ, గుడ్డులోంచి వచ్చిన పిల్లకు మొదటి రోజుల్లో పెట్టేది మెత్తని పచ్చపురుగులు, పేనుబంక, చిన్న సాలీళ్లు. ఎన్ని నూకలు చల్లినా ఆ లోటు తీరదు. కుండీల మీద పురుగుమందు కొడుతుంటే ఆపేయండి. గులాబీకి పేనుబంక పడితే కొమ్మను నీటి ధారతో కడిగితే చాలు. గోరింటో, బోగన్‌విల్లావో గుబురుగా ఒక్కటైనా ఉంచండి. డేగ కనబడగానే అవి దూరేది అందులోకే. నూకలకు బదులు, మన పల్లెల్లో చూరుకు కట్టినట్టు, వరికంకుల కుంచె కట్టండి. గింజ నేలమీద పడి ఎలుకలు చేరే బాధ తగ్గుతుంది.

ప్రశ్న: బట్టలారేసే తీగకు తేనెపిట్ట గూడు అల్లింది. తీసి పక్క చెట్టుకు కట్టవచ్చా?
– ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: వద్దండీ. గూడు చోటు మారితే తల్లి వదిలేసే ప్రమాదముంది. బట్టలకు ఇంకో తీగ కట్టుకోండి. అల్లకం మొదలుకొని పిల్లలు ఎగిరిపోయేదాకా సుమారు నెలా పదిహేను రోజులు, అంతే. చిన్న సంచిలా వేలాడే ఆ గూటిని సాలెపట్టుతో బిగించి, పక్కన వాకిలి పెట్టి, వాన పడకుండా దానిమీద బుల్లి చూరు కూడా దించుతుంది. కింద వేలాడే చెత్తను శుభ్రం చేయబోకండి, గూడు కనబడకుండా దాచేది అదే. అల్లేదీ పొదిగేదీ ఆడపిట్టే. ముక్కున పురుగు పట్టుకుని పక్క కొమ్మ మీద అటూ ఇటూ గెంతుతూ లోపలికి వెళ్లడం లేదంటే, మీరు మరీ దగ్గరగా నిలబడ్డారని అర్థం. వెనక్కి జరగండి. ఫ్లాష్‌తో ఫొటోలు తీయకండి.

ప్రశ్న: పార్కులో పికిలిపిట్ట పిల్ల కిందపడి ఉంది. ఇంటికి తెచ్చి పాలు పట్టాం. రాత్రికి చనిపోయింది. ఏం చేసి ఉండాల్సింది?
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: పిట్టలు పాలు అరిగించుకోలేవు. పైగా నోట్లో పోసిన ఏ ద్రవమైనా, నీళ్లయినా సరే, శ్వాసనాళంలోకి పోయి ఊపిరాడకుండా చేస్తుంది. ఈసారి ముందు ఈకలు చూడండి. ఒంటినిండా ఈకలుండి, తోక పొట్టిగా, గెంతగలుగుతుంటే అది ఎగరడం నేర్చుకుంటున్న పిల్ల. తల్లిదండ్రులు దగ్గర్లోనే ఉంటాయి. కుక్కలూ పిల్లులూ అందుకోకుండా పక్క పొదలో కూర్చోబెట్టి దూరం వచ్చేయండి. ఈకల్లేని పిల్లయితే గూడు వెతికి అందులో పెట్టండి. మనిషి ముట్టుకుంటే తల్లి దగ్గరికి రాదనేది అపోహ. గూడు ఊడిపోతే, అడుగున చిల్లులున్న చిన్న బుట్టలో ఎండుగడ్డి వేసి, పిల్లను ఉంచి, అదే కొమ్మకు కట్టండి. గంటా రెండు గంటలు దూరం నుంచి గమనించండి. దెబ్బ తగిలిందనిపిస్తే గాలి ఆడే అట్టపెట్టెలో, చీకటిగా వెచ్చగా ఉంచి, ఏమీ తినిపించకుండా పక్షుల వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. ఇంట్లో పెంచుకోవడం మాత్రం వద్దు. అడవిపిట్టల్ని పంజరంలో ఉంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా.

ప్రశ్న: పిట్టలకు నీళ్లు పెడితే దోమలు పెరుగుతాయా?
– ఓ పాఠకుడు, నెల్లూరు

జవాబు: రోజూ పారబోస్తే పెరగవు. దోమగుడ్డు దోమగా మారడానికి దాదాపు వారం పడుతుంది. పాత నీళ్లమీద కొత్తవి పోయడమే తప్పు. వెడల్పు మట్టిమూకుడు తీసుకుని రెండంగుళాలకు మించకుండా పోసి, మధ్యలో గరుకు రాయి పెట్టండి. నునుపైన ప్లాస్టిక్ టబ్బుల్లో చిన్నపిట్టలు జారి మునుగుతాయి. రెండ్రోజులకోసారి కొబ్బరిపీచుతో పాచి రుద్దండి. సబ్బు వద్దు.

ప్రశ్న: తోకెత్తి తిరిగే నలుపు తెలుపు పిట్ట పొద్దున్నే మా కిటికీ అద్దాన్ని పొడుస్తోంది. లోపల కాగితం అంటించినా మానలేదు.
– ఓ పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అది పెద్ద నాలంచి. గూళ్లు పెట్టే కాలంలో మగది తన హద్దులోకి ఇంకో మగదాన్ని రానివ్వదు. అద్దంలో తన నీడనే శత్రువనుకుంటోంది. లోపల ఏది అంటించినా బయట ప్రతిబింబం పోదు. అద్దానికి బయటివైపు సబ్బునీళ్లు పూసి ఆరనివ్వండి, లేదా పాత చీర వేలాడదీయండి. కారు అద్దాలకైతే గుడ్డ చుట్టండి. వానాకాలం ముదిరేసరికి ఆ పోరు దానంతటదే తగ్గుతుంది.