పిడి ఊడని కత్తి: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. పాత లారీ కమాను పట్టీలను కొలిమిలో సాగగొట్టి, వంటింటి కత్తులు చేసి సంతలో అమ్ముతుంటాను. పిడికి రెండు వైపులా టేకు చెక్కలు పెట్టి, రెండు ట్యూబులు కలిపి వాడే ఎపాక్సీ జిగురుతో అతికిస్తున్నాను. ఎండాకాలంలో అతికించినవి వానలు పడగానే ఒక పక్క నుంచి లేస్తున్నాయి. మా నాన్నగారు లక్కతో బిగించిన కత్తులు మాత్రం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. లోపం జిగురులో ఉందా, నా పనిలో ఉందా?

జవాబు: ఊడిన చెక్క లోపలి ముఖాన్ని ముందుగా చూడండి. జిగురు పొర ఇనుముకే మిగిలి చెక్క శుభ్రంగా ఊడివస్తే లోపం టేకు వైపు ఉన్నట్టు. పొర చెక్కతోపాటు లేచి ఇనుము మెరుస్తూ కనిపిస్తే లోపం ఇనుము వైపు ఉన్నట్టు. మీ ప్రాంతపు టేకుకు ఎంత పేరున్నా, దానిలో సహజంగా ఉండే నూనె జిగురును సరిగా పట్టనివ్వదు. అందువల్ల అతికించే ముఖాన్ని గరుకు కాగితంతో రుద్ది, అసిటోన్ అద్దిన తెల్లబట్టతో బట్టకు రంగు అంటనంత వరకు తుడిచి, అది ఆరగానే జిగురు రాయాలి. మరునాటికి వదిలేస్తే లోపలి నూనె మళ్లీ పైకి వస్తుంది. ఇనుమును నునుపు చేయడం ఇక్కడ పనికిరాదు. 60 లేదా 80 నంబరు కాగితంతో గీతలు పడేలా రుద్ది, అసిటోన్‌తో తుడిచాక దాన్ని వేలితో తాకకూడదు.

జిగురు అయిదు నిమిషాల్లో గట్టిపడే రకమైతే దాన్ని మానేయండి. తడికి తట్టుకోవడంలో అది నిదానంగా గట్టిపడే రకానికి సాటిరాదు. రెండు ట్యూబులనూ పెట్టె మీద చెప్పిన పాళ్లలోనే కలపాలి. వాటిలో గట్టిపరిచే ట్యూబు, అంటే హార్డెనర్, కాస్త ఎక్కువైతే ఇంకా గట్టిపడుతుందని చాలామంది నమ్ముతారు గానీ, నిజానికి అతుకు మెత్తబడుతుంది. క్లాంపును బలమంతా పెట్టి బిగించడం మరో పొరపాటు: జిగురంతా అంచుల నుంచి కారిపోయి లోపల ఏమీ మిగలదు. అంచు చుట్టూ సన్నగా జిగురు ఉబికితే చాలు. ఆ తరువాత ఒక రోజంతా కదిలించవద్దు.

జిగురు ఎంత మంచిదైనా ఇత్తడి రివెట్లు మానవద్దు. వాటి బెజ్జాలను ఇనుమును కాల్చి ముంచక ముందే వేసుకోవాలి, గట్టిపడిన కమాను ఇనుములోకి మామూలు డ్రిల్ దిగదు. రివెట్లకు కావలసినవి కాక మరో రెండు మూడు బెజ్జాలు అదనంగా వేస్తే, వాటిలో నిండిన జిగురు రెండు చెక్కలనూ ఒకదానితో ఒకటి కలిపి పట్టుకుంటుంది.

ఇక మీ నాన్నగారి కత్తుల విషయం. వాటి ఇనుప తోక ఒంటి కర్రలోకి దిగి, మూతి దగ్గర పొన్ను (లోహపు కట్టు) ఉండి ఉంటే, తోకను నాలుగు వైపులా పట్టి ఉంచేది కర్రే. లక్క సందులను నింపి నీటిని ఆపుతుంది. ఆ పని లక్కకు చాతనవును, రెండు విడి చెక్కలను పట్టి ఉంచడం చాతకాదు.

ప్రశ్న: లక్కతో బిగించిన పాత కత్తి పిడి పగిలింది. అలుగు గట్టితనం చెడకుండా పిడి తీసేదెలా? (రాజురా, చంద్రపూర్ జిల్లా)

జవాబు: మంట మీద పెట్టకండి. పిడిని మరిగే నీళ్లలో కాసేపు ముంచితే లక్క మెత్తబడి తోక జారివస్తుంది. ఆ వేడికి ఇనుము గట్టితనం తగ్గదు.