హెచ్-4 పిల్లలకు డాకా వర్తిస్తుందా?

అమ్మగారూ, అమ్మాయికి వచ్చే ఏడాది 21 నిండుతాయి, హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) పోతుంది, డాకాకు అప్లై చేయొచ్చా అని అడిగారు. కుదరదండి. 2012 జూన్ 15న ఒబామా ప్రభుత్వం ప్రకటించిన డాకా (చిన్నప్పుడే అమెరికాకు వచ్చి, కాగితాలు లేనివాళ్లను వెనక్కి పంపకుండా ఆపే ఏర్పాటు), ఆ రోజుకి చట్టబద్ధమైన స్టేటస్ లేనివాళ్లకే. 2007 జూన్ 15 నుంచీ అమెరికాలోనే ఉండి ఉండాలి కూడా. పద్ధతిగా వీసా మీద వచ్చిన పిల్లలకు ఆ దారి మూసుకుపోవడం అన్యాయమే. డాకా వచ్చిన పిల్లల మీద కోపం మాత్రం వద్దు, వాళ్లూ అమ్మానాన్నల చెయ్యి పట్టుకుని వచ్చినవాళ్లే.

ముందు మీ ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) ఎన్ని రోజులు పెండింగ్‌లో ఉందో చూడండి. వీసా నంబరు (గ్రీన్‌కార్డు క్యూలో మీ వంతు) వచ్చే రోజుకి పాప వయసులోంచి ఆ రోజులు తీసేస్తారు. 21 ఏళ్ల 5 నెలలుంటే, 8 నెలలు పెండింగ్ అయితే, 20 ఏళ్ల 9 నెలలుగా లెక్క, అంటే 21 లోపే కాబట్టి మీ గ్రీన్‌కార్డు కేసులోనే పాప ఉండొచ్చు. అప్పటికి పెళ్లి కాకూడదు, నంబరు వచ్చిన ఏడాదిలోపు గ్రీన్‌కార్డుకు అప్లై చేయాలి. ఐ-140ని ప్రీమియంలో (ఎక్కువ ఫీజు కట్టి త్వరగా) చేయించి ఉంటే కలిసొచ్చేది కొద్ది రోజులే. నంబరు ఎప్పుడు వచ్చిందో చూడటానికి 2025 ఆగస్టు 15 నుంచి వీసా బులెటిన్ (నెలనెలా వచ్చే క్యూ పట్టిక)లోని ఫైనల్ యాక్షన్ తేదీలే లెక్క.

మన ఇండియా క్యూలో నంబరు అందేలా లేకపోతే, కాలేజీ నుంచి ఐ-20 (సీటు ఇచ్చినట్టు కాగితం) తెప్పించి, 21 నిండకముందే ఐ-539 (స్టేటస్ మార్పు ఫారం)తో ఎఫ్-1 (స్టూడెంట్ స్టేటస్)కి మార్పించండి. ఈలోగా లాయర్‌ని ఒకసారి కలవండి.