గేర్‌బాక్స్‌కు 90 నంబర్ ఆయిల్ పోయాల్సిందేనా?

దేవరకొండ నుంచి ఒక పాఠకుడి మెయిల్: "అన్నా, సెకండ్ హ్యాండ్‌లో చిన్న హ్యాచ్‌బ్యాక్ కొన్నాను. 2014 మోడల్, 78 వేల కిలోమీటర్లు తిరిగింది. గేర్ ఆయిల్ ఎప్పుడు మార్చారో తెలియదు కదా అని మొన్న మార్పించాను. షాపులో 80డబ్ల్యూ-90 జీఎల్-5 ఇచ్చి, మన ఎండలకు ఇదే హెవీ, ఇదే మంచిది అన్నారు. అప్పటి నుంచి పొద్దున్నే సెకండ్ గేర్ పడటం లేదు, థర్డ్ నుంచి సెకండ్‌కు వేస్తే గర్రుమంటోంది. గేర్‌బాక్స్ దించాలంటున్నారు. నిజంగానే పోయిందా?"

గేర్‌బాక్స్ దించే ముందు ఆయిల్ దించండి. ఆయిల్ మార్చాకే ఈ బాధ మొదలైందంటే ముందు అనుమానించాల్సింది దాన్నే. మీ ఒక్కరికే కాదు, మన దగ్గర "90 నంబర్ ఆయిల్ పోయ్" అనే మాట ఎన్నో ఏళ్లుగా ఏ బండికైనా ఒకటే మందులా నడుస్తోంది, దానికి తోడు డబ్బా మీద జీఎల్-4 పక్కన జీఎల్-5 కనిపిస్తే 5 అంటే ఇంకా మంచిదేమో అనిపిస్తుంది. 90 అనేది చిక్కదనం నంబరు, జీఎల్ అనేది గేర్ ఆయిల్ రకం చెప్పే గుర్తు. అది ర్యాంకు కాదు, వాడే చోటు వేరు.

మీరు సెకండ్ గేర్ వేసేటప్పుడు లోపల ఇత్తడి సింక్రో రింగు ఒకటి గేరు మీద ఉండే కోనుకు ఒరుసుకుని, రెండింటి వేగాన్ని సమానం చేస్తుంది. అప్పుడే పళ్లు చప్పుడు లేకుండా కలుస్తాయి. అంటే ఆయిల్ పళ్ల మధ్య జారుడుగా ఉండాలి, రింగు దగ్గర మాత్రం పక్కకు తప్పుకుని పట్టు దొరకనివ్వాలి. జీఎల్-5లో బరువు తట్టుకోవడానికి కలిపే గంధకం, ఫాస్ఫరస్ రసాయనాలు జీఎల్-4తో పోలిస్తే దాదాపు రెట్టింపు ఉంటాయి. రింగు జారిపోతుంది, పట్టు దొరకదు, గర్రుమంటుంది. పైగా గంధకానికి రాగి పడదు, ఇత్తడిలో ఉండేది ఎక్కువగా రాగే. ఇప్పటి జీఎల్-5లు పాతవాటంత తినేయవు గానీ జారుడు సమస్య మాత్రం అలాగే ఉంటుంది.

మరి జీఎల్-5 ఎందుకు తయారు చేస్తారు? బొలెరో లాంటి, వెనక చక్రాలతో నడిచే బండ్లకు వెనక యాక్సిల్‌లో వేరే డిఫరెన్షియల్ (రెండు చక్రాలకు బలం పంచే గేర్ల పెట్టె) ఉంటుంది, అందులోని హైపాయిడ్ పళ్లు ఒకదాని మీద ఒకటి గట్టిగా జారుతూ తిరుగుతాయి కాబట్టి వాటికి అది తప్పనిసరి. మీ హ్యాచ్‌బ్యాక్ ముందు చక్రాలతో నడిచేది, డిఫరెన్షియల్ కూడా గేర్‌బాక్స్‌లోనే ఉంటుంది, పళ్లు మామూలు ఏటవాలు పళ్లు. వాటికి జీఎల్-4 చాలు.

ఇక ఎండల సంగతి. నల్గొండ మే నెల ఎలా ఉంటుందో నాకు చెప్పక్కర్లేదు, కానీ చిక్కటి ఆయిల్ పోస్తే మేలు అనుకోవద్దు. గేర్ ఆయిల్ నంబర్ల కొలత వేరు, ఇంజిన్ ఆయిల్ కొలత వేరు. గేర్ ఆయిల్‌లో 90 అంటే ఇంజిన్ ఆయిల్‌లో సుమారు 40, 50 చిక్కదనం, అంతే. మీ కారు మాన్యువల్‌లో 75డబ్ల్యూ-80 అని ఉంటే అదే పోయండి. పుస్తకం లేకపోతే కంపెనీ సైట్‌లో పీడీఎఫ్ దొరుకుతుంది, ఫోన్‌లోనే తెరిచి ట్రాన్స్‌మిషన్ ఆయిల్ అని వెతికితే గ్రేడు, జీఎల్ నంబరు, ఎన్ని లీటర్లు అన్నీ కనిపిస్తాయి. కొన్ని కార్లకు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లకు వాడే ఆయిల్) కూడా రాసి ఉంటుంది, ఉంటే అదే. డబ్బా మీద జీఎల్-4/జీఎల్-5 రెండూ వేసినవాటికంటే జీఎల్-4 అని మాత్రమే ఉన్నది తీసుకోండి.

మహబూబ్‌నగర్‌లో మా బావ కారుకూ ఇదే జరిగింది, శ్రీశైలం పోతూ మన్ననూరు దాటాక మలుపుల్లో సెకండ్ పడక చాలా ఇబ్బంది పడ్డాడు. ఆయిల్ మార్చిన రోజు నేను పక్కనే ఉన్నాను. డ్రెయిన్ బోల్ట్ చివర అయస్కాంతానికి బూడిద రంగు ముద్ద అంటుకుని ఉంది, వేళ్ల మధ్య రుద్దితే తడి విభూతిలా మెత్తగా తగిలింది. అది మామూలే, ఇనుప ముక్కలు చేతికి గుచ్చుకుంటేనే భయపడాలి. టబ్బులో దించిన నల్లటి ఆయిల్‌ను ఎండలోకి తెచ్చి చూస్తే మాత్రం సన్నటి బంగారు రంగు రజను తళతళమంది. అది రింగు నుంచి రాలిన ఇత్తడి. సరైన ఆయిల్ పోశాక వారం పది రోజుల్లో చాలావరకు సర్దుకుంది, పూర్తిగా కాదు. అరిగిన రింగు తిరిగి రాదు కదా. అందుకే మీరు ఆలస్యం చేయొద్దు.

మార్పించేటప్పుడు ఒక్క మాట: ముందు పైన ఫిల్లర్ బోల్ట్ ఊడుతుందో లేదో చూడమనండి, తర్వాతే కింది బోల్ట్ విప్పాలి. పైది బిగుసుకుపోయి, కింద ఆయిల్ మొత్తం కారిపోయాక కారు అక్కడే ఆగిపోతుంది. బండి కాస్త తిప్పి వేడి మీద దించండి, చదునైన చోట నిలిపి ఫిల్లర్ రంధ్రం అంచు దాకా నింపండి. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి మార్పిస్తే మిగిలిన జీఎల్-5 కూడా దాదాపు పోతుంది. రెండు లీటర్ల చిల్లర పని, గేర్‌బాక్స్ దించడంతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ.

అప్పటికీ తగ్గకపోతే ఇంజిన్ ఆపి గేర్లు వేసి చూడండి. ఆపినప్పుడు అన్నీ మెత్తగా పడి, స్టార్ట్ చేస్తే అన్నీ మొండికేస్తే అది క్లచ్ సమస్య. సెకండ్ ఒక్కటే గర్రుమంటే రింగు.

జడ్చర్ల నుంచి మరొకరు: "బ్లూటూత్ ఓబీడీ స్కానర్ కొన్నాను, యాప్‌లో గేర్ ఆయిల్ ఎంత ఉందో కనిపించడం లేదు, స్కానర్ పాడైందా?"

పాడవలేదు. ఓబీడీ అంటే కారు కంప్యూటర్ చెప్పేది చదవడానికి ఉండే పోర్టు. ఆ పోర్టు నుంచి వచ్చేది ప్రధానంగా ఇంజిన్ సెన్సర్ల సమాచారం. మాన్యువల్ గేర్‌బాక్స్‌లో ఆయిల్ మట్టం చెప్పే సెన్సర్ మామూలుగా ఉండదు. ఫిల్లర్ బోల్ట్ విప్పి చిటికెన వేలు పెట్టి చూడటమే దారి, రంధ్రం అంచు దగ్గరే వేలికి ఆయిల్ తగిలితే సరిపడా ఉన్నట్టు.