రెండో ఏడాది నుంచి ఫీజు తగ్గుతుందా?

పై చదువులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది విశాఖపట్నం, కూర్మన్నపాలెం. నేను స్టీల్ ప్లాంట్‌లో పనిచేస్తున్నాను, రిటైర్మెంట్‌కు ఇంకా మూడేళ్లుంది. మా అమ్మాయికి టెక్సాస్‌లోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఎంఎస్‌కు అడ్మిట్ వచ్చింది. మా బావమరిది పన్నెండేళ్లుగా డాలస్‌లో ఉంటున్నాడు. "మొదటి ఏడాది ఎక్కువ ఫీజు కట్టండి బావా, అమ్మాయి మా ఇంట్లో ఒక ఏడాది ఉందంటే రెండో ఏడాది నుంచి ఇక్కడి పిల్లలతో సమానంగా ఇన్-స్టేట్ ఫీజే పడుతుంది" అంటున్నాడు. ఆ మాట నమ్మి మొదటి ఏడాదికి సరిపడా మాత్రమే బ్యాంకు రుణం తీసుకుందామనుకుంటున్నాను. మీ సలహా ఏమిటి?

జవాబు: దయచేసి ఆ లెక్క మీద రుణం తీసుకోకండి. మీ బావమరిది మేనకోడలి మేలు కోరే చెప్పి ఉంటారు, ఆయన పిల్లల విషయంలో అది నిజం కూడా కావచ్చు. కానీ ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద వెళ్లే మీ అమ్మాయికి అది వర్తించదు.

మనవాళ్లు ఈ విషయంలో పొరపడటానికి ఒక కారణం ఉంది. మనకు "లోకల్" అనే మాట బాగా అలవాటు. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం, అర్హత పరీక్షతో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిధిలో చదివిన పిల్లలు ఇక్కడ లోకల్ అవుతారు, 85 శాతం సీట్లకు పోటీ పడతారు. అంటే మన దగ్గర చదివిన చోటే లోకల్ హోదాకు ప్రధాన ఆధారం. అమెరికాలో సరిగ్గా దీనికి విరుద్ధంగా ఉంటుంది. కేవలం చదువు కోసం వచ్చి ఉన్న కాలాన్ని అక్కడి రాష్ట్రాలు సాధారణంగా నివాసంగా లెక్కించవు. ఆ రాష్ట్రాన్నే తమ స్థిరనివాసం చేసుకుని, అక్కడే ఉండిపోవాలన్న ఉద్దేశంతో, చాలా రాష్ట్రాల్లో కనీసం 12 నెలలు గడిపినవారికే ఇన్-స్టేట్ ఫీజు. నాలుగేళ్ల బీటెక్ అక్కడే చదివినా, ఆ కాలమంతా ఎఫ్-1 మీదే గడిస్తే ఫీజు విషయంలో ఆ విద్యార్థి బయటివాడిగానే మిగిలిపోవచ్చు.

ఇక ఎఫ్-1 వీసా సంగతి చూడండి. తన సొంత దేశంలో తనకు ఇల్లు ఉంది, దాన్ని వదులుకునే ఉద్దేశం లేదు, చదువు పూర్తయ్యాక తిరిగి వెళ్తాను అని చెప్పినవారికే అమెరికా చట్టం ఆ వీసా ఇస్తుంది. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్ కిటికీ దగ్గర నిలబడి "నా ఇల్లు విశాఖపట్నంలో ఉంది" అని చెప్పిన అమ్మాయి, ఏడాది తిరక్కుండానే విశ్వవిద్యాలయం ఫారంలో "నా స్థిరనివాసం టెక్సాస్" అని రాయలేదు. మేనమామ ఇంట్లో ఉన్నా, ఆయన పేరు మీద కరెంటు బిల్లు చూపించినా ఇది మారదు. అయితే మేనమామ ఇల్లు మరో విధంగా గొప్ప సాయమే, అద్దె, తిండి ఖర్చు మిగులుతాయి. కాకపోతే డాలస్ చుట్టుపక్కల బస్సు, రైలు సౌకర్యం అన్ని చోట్లా ఉండదు కాబట్టి, క్యాంపస్ ఎన్ని మైళ్ల దూరంలో ఉందో, కారు లేకుండా వెళ్లి రావడం కుదురుతుందో లేదో ముందే అడిగి తెలుసుకోండి. అద్దెలో మిగిలింది కారు, దాని ఇన్సూరెన్స్ తినేస్తే లాభం లేదు.

నివాసంతో సంబంధం లేకుండా ఫీజు తగ్గే దారులు టెక్సాస్‌లో రెండున్నాయి, రెండూ చట్టంలో ఉన్నవే. విద్యార్థి తన కోర్సుకు సంబంధించిన పనిలో కనీసం సగం సమయం టీచింగ్ అసిస్టెంట్‌గానో రిసెర్చ్ అసిస్టెంట్‌గానో నియమితులైతే ఇన్-స్టేట్ రేటుకే ఫీజు కట్టవచ్చు. సగం సమయమంటే సాధారణంగా వారానికి 20 గంటలు. సెమిస్టర్ నడుస్తున్నప్పుడు ఎఫ్-1 విద్యార్థి క్యాంపస్‌లో పనిచేయడానికి ఉన్న గరిష్ఠ పరిమితి కూడా సరిగ్గా అంతే. రెండోది, అక్కడి పిల్లలతో పోటీ పడి ఏడాదికి కనీసం 1,000 డాలర్ల స్కాలర్‌షిప్ గెలుచుకుంటే, ఆ వెయ్యితో పాటు ఇన్-స్టేట్ రేటు కూడా దక్కే వీలుంది. అందుకే చూడటానికి చిన్నదిగా కనిపించే ఆ స్కాలర్‌షిప్ నిజానికి అంతకు ఎన్నో రెట్ల విలువ చేస్తుంది. అయితే ఈ మినహాయింపు ఎంతమందికి ఇవ్వవచ్చన్నదానికి చట్టం పరిమితి పెట్టింది, అసిస్టెంట్‌షిప్‌లు ఎక్కువ భాగం ముందుగా పీహెచ్‌డీ విద్యార్థులకే పోతాయి. మీ అమ్మాయి తప్పకుండా రెండింటికీ దరఖాస్తు చేయాలి. వాటి గడువు తేదీలు చాలాసార్లు అడ్మిషన్ గడువు కంటే వేరుగా ఉంటాయి కాబట్టి డిపార్ట్‌మెంట్‌కు ఈ వారమే మెయిల్ రాయమనండి. కానీ ఉత్తర్వు చేతికి వచ్చేదాకా ఆ డబ్బును బడ్జెట్‌లో ఒక్క డాలరు కూడా వేసుకోవద్దు.

ఇప్పుడు బడ్జెట్ విషయానికి వద్దాం. విశ్వవిద్యాలయం పంపిన ఐ-20 (విద్యార్థి వీసాకు కావాల్సిన ప్రవేశ పత్రం) తీసి మొదటి పేజీ చూడండి. ఎడమవైపు అంచనా ఖర్చులు, కుడివైపు ఆ ఖర్చులకు మీరు చూపించే డబ్బు ఉంటాయి. ఆ పట్టికల పైన ఎన్ని నెలలకు అన్నది రాసి ఉంటుంది. చాలాసార్లు అది 9 నెలలే. మే నుంచి ఆగస్టు దాకా అద్దె, తిండి ఆ లెక్కలో లేవు. ఇన్సూరెన్స్ విడిగా చూపించారో, ఫీజులో కలిపారో చూడండి. విమాన టికెట్, 350 డాలర్ల సెవిస్ (విదేశీ విద్యార్థుల రికార్డు వ్యవస్థ) ఫీజు, 185 డాలర్ల వీసా దరఖాస్తు ఫీజు, వెళ్లిన కొత్తలో పరుపు, వంటసామాను, చలికోట్లు, ఇంటి డిపాజిట్ ఐ-20లో కనిపించవు. వీసా కోసం మీరు చూపించాల్సింది మొదటి ఏడాది డబ్బే అయినా, కట్టాల్సింది డిగ్రీ చేతికి వచ్చేదాకా అని మరచిపోకండి.

మీ ఆలోచన ప్రకారం వెళ్తే ఏమవుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ఇన్-స్టేట్ రేటుకూ బయటివారి రేటుకూ ఒక్కో క్రెడిట్‌కు (కోర్సును, ఫీజును లెక్కించే యూనిట్‌కు) 400 డాలర్ల తేడా ఉందనుకుందాం. 30 క్రెడిట్ల కోర్సులో రెండో ఏడాదికి 15 క్రెడిట్లు మిగిలితే తేడా 6,000 డాలర్లు. డాలరు 90 రూపాయల లెక్కన అది 5,40,000 రూపాయలు. రెండో ఏడాది సెమిస్టర్ మొదలయ్యే ముందు రెండు మూడు వారాల్లో ఆ డబ్బు సర్దాలంటే ఇంట్లో బంగారం బయటకు తీయడమో, అధిక వడ్డీకి అప్పు చేయడమో తప్పదు. రిటైర్మెంట్‌కు రెండేళ్ల ముందు మీకు ఆ పరిస్థితి రాకూడదు. అందువల్ల రెండేళ్లకూ బయటివారి రేటుతోనే లెక్క వేసి, మొత్తానికి ఒకేసారి రుణం మంజూరు చేయించుకోండి. బ్యాంకు సెమిస్టర్‌వారీగా విడుదల చేస్తుంది, విడుదలైన మొత్తం మీదే వడ్డీ పడుతుంది. మధ్యలో అసిస్టెంట్‌షిప్ వస్తే మిగతా డబ్బు తీసుకోవడం మానేయవచ్చు. మంజూరు తక్కువగా ఉంటే మాత్రం రెండో ఏడాది మళ్లీ మొదటి నుంచి తిరగాలి.

ప్రభుత్వ బ్యాంకులు సాధారణంగా 7.5 లక్షలు దాటిన విద్యా రుణానికి ఆస్తి హామీ అడుగుతాయి. మీ ఇంటి లింకు డాక్యుమెంట్లు, ఈసీ, మంజూరైన ప్లాన్, ఇంటి పన్ను రశీదు ఒక ఫైల్లో ఇప్పుడే పెట్టుకోండి. లాయరు అభిప్రాయం, ఇంజనీరు విలువ కట్టడం అయ్యేసరికి వారాలు గడిచిపోతాయి, ఈలోగా వీసా స్లాట్ వచ్చేస్తుంది. డాలరు విషయంలో కూడా కొంత వెసులుబాటు ఉంచుకోండి. ఏడాదికి 30,000 డాలర్ల ఖర్చున్న చోట డాలరు 5 రూపాయలు పెరిగితే మీ భారం 1,50,000 పెరుగుతుంది. 2025 ఏప్రిల్ నుంచి, బ్యాంకు విద్యా రుణం ద్వారా పంపే డబ్బుకు టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) లేదు. సొంత డబ్బు పంపితే ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటిన భాగానికి ఉంటుంది, దాన్ని రిటర్న్‌లో సర్దుబాటు చేసుకోవచ్చు. ఆగస్టు ఫీజు, జనవరి ఫీజు రెండూ ఒకే ఆర్థిక సంవత్సరంలో పడతాయని గుర్తుంచుకుంటే, ఏది రుణం నుంచి, ఏది సొంత డబ్బు నుంచి కట్టాలో ముందే నిర్ణయించుకోవచ్చు.

ప్రశ్న: నేను మధురవాడలో ఉంటాను. మా అమ్మాయి, అల్లుడు తొమ్మిదేళ్లుగా టెక్సాస్‌లో ఉన్నారు. అల్లుడిది హెచ్-1బి ఉద్యోగ వీసా, మనవడిది ఆ ఉద్యోగుల కుటుంబసభ్యులకిచ్చే హెచ్-4. వాడికి 17 ఏళ్లు, వచ్చే ఏడాది కాలేజీ. గ్రీన్ కార్డు రాలేదు కాబట్టి వాణ్ని విదేశీ విద్యార్థిగా లెక్కేసి ఎక్కువ ఫీజు వసూలు చేస్తారని మా అమ్మాయి దిగులు పడుతోంది. నిజమేనాండీ?

జవాబు: దిగులు పడవద్దని మీ అమ్మాయికి చెప్పండమ్మా. హెచ్-1బి, హెచ్-4 వీసాలకు సొంత దేశంలో ఇల్లు ఉంచుకోవాలన్న షరతు లేదు, కాబట్టి వారు టెక్సాస్‌ను స్థిరనివాసం చేసుకోవచ్చు. గ్రీన్ కార్డు లేకపోయినా, తల్లిదండ్రులు అక్కడ 12 నెలలకు పైగా స్థిరంగా ఉంటున్నందువల్ల మనవడికి ఇన్-స్టేట్ ఫీజుకు అర్హత ఉంటుంది. వీసా రకాన్ని బట్టి ఈ తేడా చూడాలన్న విషయం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం మీద అంతర్జాతీయ సంస్థల ఉద్యోగుల పిల్లలు వేసిన కేసులో 1982లో తీర్పు ఆ పిల్లలకే అనుకూలంగా వచ్చింది.

రెండు విషయాలు మాత్రం మీ అల్లుడు గారు ఇప్పుడే చూసుకోవాలి. ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే గ్రాంట్లు, రుణాలు హెచ్-4 పిల్లలకు రావు కాబట్టి ఫీజు తక్కువైనా ఆ మొత్తం తామే సమకూర్చుకోవాలి. మనవడికి 21 ఏళ్లు నిండితే హెచ్-4 ముగుస్తుంది, అప్పటికి గ్రీన్ కార్డు రాకపోతే చాలామంది ఎఫ్-1కు మారతారు. అలా మారితే ఇన్-స్టేట్ హోదా కొనసాగుతుందా లేదా అన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. మారే దరఖాస్తు వేసేముందే విశ్వవిద్యాలయం రెసిడెన్సీ కార్యాలయం నుంచి రాతపూర్వకంగా జవాబు తీసుకోమనండి. ఈ ఒక్క జాగ్రత్త తీసుకోక, చివరి ఏడాదిలో ఫీజు పెరిగి ఇబ్బంది పడే కుటుంబాలున్నాయి.

ప్రశ్న: అక్కయ్యపాలెంలో ఉంటాను, బీటెక్ ఆఖరి సంవత్సరం. ద్వారకానగర్‌లోని ఒక కన్సల్టెన్సీవారు, అక్కడికి వెళ్లగానే డ్రైవింగ్ లైసెన్స్ తీసుకుని, ట్యాక్స్ కట్టి, ఇంటి లీజు నా పేరు మీద పెట్టుకుంటే ఏడాదిలో ఇన్-స్టేట్ వస్తుందంటున్నారు.

జవాబు: అవి స్థిరనివాసం ఉండే అర్హత ఉన్నవారు ఆ సంగతి నిరూపించుకోవడానికి చూపించే కాగితాలు. అర్హత లేని వీసా మీద ఉన్నవారికి అవి ఎన్ని పోగేసినా హోదా రాదు. పైగా ఎఫ్-1 విద్యార్థులు పన్ను లెక్కల్లో సాధారణంగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు అక్కడి నివాసులు కారు, వారి రిటర్న్ ఫారం కూడా వేరు. తెలియక నివాసిగా రిటర్న్ వేస్తే అది తప్పు రిటర్న్ అవుతుంది. ఫీజు ఫారంలో తప్పు వివరాలు రాస్తే తగ్గించిన ఫీజు తిరిగి కట్టించుకోవచ్చు, వీసా రికార్డుకూ మచ్చ రావచ్చు. ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో సాధారణంగా ఈ తేడాయే ఉండదు, అందరికీ ఒకటే ఫీజు. కాబట్టి కన్సల్టెన్సీ ఇచ్చిన జాబితాలో ఏది ప్రభుత్వానిది, ఏది ప్రైవేటుదో ముందు విడదీసుకోండి. డిపాజిట్ కట్టేముందు ప్రతి విశ్వవిద్యాలయానికీ మీరే మెయిల్ రాసి మూడు సంగతులు అడగండి: ఎఫ్-1 విద్యార్థికి రెండో ఏడాది ఫీజు ఎంత, మీ కోర్సువారికి గత ఏడాది ఫీజు మినహాయింపు లేదా అసిస్టెంట్‌షిప్ ఇచ్చారా, ఐ-20లో చూపిన మొత్తం ఎన్ని నెలలకు.